కూర చేప తీశారా?

ఈ ఏడు కూడా మా ఊరి కబడ్డీ జట్టు కూర చేప తియ్యకుండానే వేలంపాటకి కూర్చుంది. ఇది తప్పు. తప్పని ఇంకెవరూ అనడం లేదు కాబట్టి నేను అంటున్నాను.

నిజానికి అనవలసింది నేను కాదు. అనే మనిషి వేరే ఉండేది. మొన్న చలికాలంలో పోయింది. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి పేపరువాళ్ళెవరో రేవులో ఆవిడ ఫొటో తీసి, కింద ఇంకెవరి పేరో వేశారు. "నా మొకానికి ఇంకోల్ల పేరెట్టేరు. ఇంక నా పేరు ఏ కాయితంలోనూ ఎయ్యొద్దు" అని తెలిసినవాళ్ళందరి చేతా ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నా మీదా ఉంది.

నేను గోదావరి జిల్లా నుంచి పోర్టులో క్రేను పనికి వచ్చినవాణ్ణి. బడిలో చదివింది కొంచెం. మిగతాదంతా పేపర్లూ, గ్రంథాలయం బల్లలూ నేర్పినవే. వచ్చిన కొత్తలో నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఫిషింగ్ హార్బరుకి పోయేవాణ్ణి, ఇంటికి తాజా చేప పట్టుకెళ్దామని. ఒక తెల్లవారుజామున జనమంతా పెద్ద కుప్ప చుట్టూ మూగి ఉన్నారు. పక్కన గోనెపట్టా మీద నాలుగు వంజరాలు విడిగా ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోవడం లేదు. నా అదృష్టం అనుకుని, వంగి ఒకదాని మొప్ప ఎత్తి చూస్తున్నాను. చేతి మీద టప్పున దెబ్బ పడింది.

"ముట్టుకోకు. అది కూర సేప."

తలెత్తి చూస్తే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, నడుముకి చీర బిగించి కట్టిన మనిషి.

"ఊరికే కాదమ్మా, డబ్బులిస్తాను."

"నువ్వు లచ్చిచ్చినా అది అమ్మకానికి లేదు. ఏ ఊరయ్యా నీది?"

"గోదావరి."

"అదీ సంగతి. ఏటి సేపలు తిన్నోడివి, సముద్రం మర్యాద నీకేటి తెలుత్తాది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది, అది వేరే సంగతి. కానీ నవ్వులయ్యాక ఆవిడే నిలబెట్టి చెప్పింది. బోటు సరుకు దించాక, వేలంపాట మొదలయ్యే ముందు, కుప్పలోంచి మంచి చేపలు కొన్ని తీసి పక్కన పెడతారట. బోటు మీద వెళ్ళివచ్చిన వాళ్ళ ఇళ్ళల్లో ఆ పూట కూరకి. వాటికి పాట ఉండదు. ఎంత పెద్ద వ్యాపారి వచ్చినా వాటి మీద చెయ్యి వెయ్యడు. కుప్ప పెద్దదైనా చిన్నదైనా, అప్పులోళ్ళు వచ్చి గట్టు మీద నిలబడినా, ముందు కూర చేప తియ్యాలి, తరవాతే పాట.

ఆ రోజు నుంచి ఆవిడ నాకు అప్ప. నేను ఆవిడకి గోదారి తమ్ముడు.

అప్ప వేలంలో చేపలు పాడుకుని, వీధుల్లో అమ్ముకునేది. ఆవిడ పాట పాడే పద్ధతి చూసి తీరాలి. అందరూ గొంతులు చించుకుంటుంటే నోరు విప్పేది కాదు. పాట పెంచాలంటే పమిట కొంగు ఒకసారి భుజం మీదికి లాక్కునేది. అంతే. పాట పెట్టేవాడికి అది చాలు. ఎండ పడుతున్నా, గాలి వేస్తున్నా, పాట జరిగే వేళ ఊరికే మాత్రం ఆవిడ కొంగు ముట్టుకునేది కాదు, అనవసరంగా రేటు పెరుగుతుందని.

చేపలమ్మాక సాయంత్రం ఖాళీ తట్టతో కబడ్డీ గ్రౌండుకి వచ్చేది. మా స్నేహం నిజంగా ముదిరింది అక్కడ. అప్పట్లో పోర్టుకీ, స్టీలు ప్లాంటుకీ జట్లుండేవి. ఆటగాడంటే ఉద్యోగి. పొద్దున్న మాతో పాటు షెడ్డులో సంతకం పెట్టి, మాతో పాటు క్యాంటీన్లో ఉప్మా తిని, సాయంత్రం గ్రౌండులో చొక్కా విప్పేవాడు. నెల తిరిగేసరికి మాకొచ్చే జీతమే వాడికీ. మోకాలు పోయినా జీతం పోదు. పెళ్ళి చేసుకుంటే క్వార్టరు. రిటైరయ్యేదాకా మా ఊరివాడే. వాడు చెత్తగా ఆడితే మర్నాడు క్యాంటీన్లో వాడి ఎదురుగానే తిట్టేవాళ్ళం, వాడు తల వంచుకుని ఉప్మా తినేవాడు. ఇప్పుడు తిట్టాలన్నా ఫోనులో తిట్టాలి. అది వాడికి వినపడదు, మనకి తృప్తి ఉండదు.

అప్ప తట్ట బోర్లించి దాని మీద కూర్చునేది. చేపల వాసనకి పక్కవాళ్ళు కాస్త జరిగేవారు. "మంచిదే, కాల్లు సాపుకోడానికి సోటు దొరికింది" అనేది. మన కూతగాడు గీత దాటగానే తనూ గుక్కపట్టి లోగొంతుతో కబడ్డి కబడ్డి అని మొదలుపెట్టేది. కళ్ళు ఆట మీదే. వాడి కూత ఆవిడ గుక్క కంటే పొడుగు సాగిందా, "ఆడు ఆటగాడు". వాడిదే ముందు తెగిందా, మిగిలిన గుక్కంతా ఉఫ్ అని వదిలి, "జీతం దండగ" అనేది. వీధి వీధినా చేపలో అని అరిచి పెరిగిన గొంతు అది. ఆవిడ లెక్కన ఆ గ్రౌండులో ముప్పాతిక మంది జీతాలు దండగే.

తరవాత ఆ జట్లు ఒక్కొక్కటే పలచబడ్డాయి. ఇప్పుడున్న లీగు వచ్చింది. ఊరి పేరు పెట్టుకున్న జట్టు, ఎక్కడినుంచో వచ్చిన యజమాని, దేశం నలుమూలల నుంచీ కొన్న ఆటగాళ్ళు. ఆటగాళ్ళ వేలం ఎండాకాలంలో పడుతుంది. అవి వేట నిషేధం రోజులు. బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, గట్టు మీద వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. హార్బరు టీకొట్టు టీవీలో వేలం వస్తుంటే రేవు రేవంతా అక్కడే. మా జట్టు జాతకం ఆ టీకొట్టులోనే తేలిపోయేది.

అప్ప బల్ల చివర కూర్చుని చూసేది. తెర మీద ఎవడి పేరో పడి, పాట పెరుగుతుంటే, ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే కొంగు మీదికి పోయేది. వెంటనే ఉలిక్కిపడేది.

"ఓలమ్మ, నాను పాడేసేన్రా! ఇప్పుడీ హర్యానావోన్ని ఏటి సేసుకోవాల?"

"ఇంట్లో ఎట్టుకో అప్పా, నీల్లు మోత్తాడు" అనేవాడు వల కుడుతున్న ఒకడు.

"మోత్తాడు గానీ, ఆడి తిండి ఎవుడు మోత్తాడు? మీ బావా?"

నేను మాత్రం నవ్వేవాణ్ణి కాదు. ఒక్క మనిషికి, ఒక్క సీజనుకి, మా క్యాంటీను మొత్తం జన్మంతా తిన్నా తరగనంత పోస్తుంటే నేను బల్ల గుద్దేవాణ్ణి. ఇది ఆటా, సంతా అని టీకొట్టు అదిరేలా అరిచేవాణ్ణి. అందరూ తలూపేవారు. అప్ప ఊపేది కాదు.

"నీకేటి ఏడుపు తమ్ముడా? పాట తప్పు కాదు. నాను బతికిందే పాట మీద. సరుకు బాగుంటే రేటు పలుకుతాది. ఆడికీ ఇల్లుందా లేదా, ఆడికీ పెల్లాం పిల్లలున్నారా లేదా? తీసుకోనీ. నాననేది ఒకటే. పాటకి ముందర కూర సేప తీసేరా, లేదా?"

అది ఆవిడ వాదం. ఈ సముద్రపు ఒడ్డు పేరు పెట్టుకుని ఆడుతున్నారు కాబట్టి, పాటకి కూర్చోక ముందే ఈ ఒడ్డు కుర్రాణ్ణి ఒకణ్ణి తీసి పక్కన పెట్టాలి. వాడికి పాట ఉండకూడదు. జట్టులో ఒక చోటు వాడిది. ఆ తరవాత మిగతా పర్సంతా, అంటే పాటకి తెచ్చుకున్న డబ్బంతా, ఎవరి మీద కుమ్మరించుకున్నా తనకి తగువు లేదు. మొదట విన్నప్పుడు నాకిది పిల్లల మాటలా అనిపించింది. ఆలోచించగా ఆలోచించగా, ఆటలో ఖర్చుల గురించి పేపర్లలో నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఇదే తిన్నగా ఉంది.

అలాగని ఆవిడకి ఆట లోతులన్నీ తెలుసని రాస్తే అబద్ధం అవుతుంది. ఆటగాళ్ళ మీద ఆవిడ చెప్పిన జోస్యాల్లో సగం పైగా తప్పేవి. మనిషి బస్సు దిగే తీరు చూసి తేల్చేసేది. మడమ ముందు ఆనిస్తే మంచివాడట, వేళ్ళు ఆనిస్తే పిరికివాడట. ఒక ఏడు మావాళ్ళు ఒక బక్క కుర్రాణ్ణి కొన్నారు. వాడు హోటలు ముందు బస్సు దిగగానే, "ఇదేటి, ఎండుసేపని కొనుక్కొచ్చేరు" అంది. ఆ సీజనంతా మా పరువు నిలబెట్టింది వాడొక్కడే. వాడు పాదం పట్టాడంటే ఎంత లావు కూతగాడైనా గీతకి బెత్తెడు దూరంలో నేల కరుచుకునేవాడు. సొంత ఊళ్ళో ఆఖరి ఆట అయ్యాక అప్ప నన్ను లాక్కుని బస్సు దగ్గరికి తీసుకెళ్ళింది. జనంలోంచి తోసుకుంటూ పోయి, పాత పేపరులో కట్టిన పొట్లం ఒకటి వాడి చేతిలో పెట్టింది. ఎండు నెత్తళ్ళు. వాడికి తెలుగు రాదు. గుడి ప్రసాదం అనుకున్నాడేమో, పొట్లాన్ని కళ్ళకద్దుకుని, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఎందుకప్పా ఇది?" అన్నాను తిరిగొస్తుంటే.

"ఆన్ని ఎండుసేపన్నాను కదా."

"వాడికి తెలియదుగా నువ్వన్నట్టు."

"నాకు తెల్సు కదా."

ఆ బస్సు కదిలేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

ఏటా సీజనుకి ముందు బీచి రోడ్డు హోటల్లో అభిమానుల సభ పెడతారు. కొత్త జెర్సీ చూపిస్తారు, సమోసాలు పెడతారు, ఆఖర్న మైకు తిప్పుతారు. మొదటి ఏడు మైకు అప్ప దగ్గరికి వచ్చింది. అద్దాల గదిలో, చల్లటి గాలిలో, లేచి నిలబడి, "కూర సేప తీసేరా, బాబూ?" అని అడిగింది.

వేదిక మీదున్న మేనేజరు బిత్తరపోయాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది, రేవులో నాకు చెప్పినట్టే. అతను విన్నాడు. విని, నవ్వి, "అమ్మా, మీరు చేపలు పంపండి, మావాళ్ళు తప్పకుండా తింటారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను లేచి నాలుగు అనబోతే, నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"మల్లీ ఏడు అడుగుతాను" అంది, మైకు ఇంకా చేతిలోనే ఉందని తెలియక. అది హాలంతా వినిపించింది.

అన్నట్టే మళ్ళీ ఏడు అడిగింది. ఆ పై ఏడూ అడిగింది. మేనేజర్లు మారారు, జెర్సీ రంగు మారింది, ప్రశ్న మారలేదు. ఒక మేనేజరు తెలివిగా, "పోనీ మీ కుర్రాళ్ళని ప్రాక్టీసుకి పిలుస్తాం, మ్యాట్ తుడిచే పని కూడా ఇస్తాం" అన్నాడు. తిరుగుదారిలో బస్సులో నేను, పోనీ ఏదో ఒకటి దొరికిందిలే అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"కూర సేప ఎప్పుడు తీత్తారు తమ్ముడా?"

"పాటకి ముందు."

"ఎందుకు ముందు? అయినాక మిగిలిందేదో తీసుకోవచ్చు కదా?"

నేను చేతిలో బస్సు టిక్కెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

"మిగిలింది పెడితే అది దయ. ముందర తీత్తే అది వాటా. మావోల్లు దయ కోసం ఆడతన్నారేటి?"

ఆవిడ మనసులో ఉన్న కుర్రాడు ఎవరో అందరికీ తెలుసు. బోటు మీద కలాసీ. నిషేధం రోజుల్లో సాయంత్రాలు ఇసకలో ఆడతాడు. తడి ఇసకలో కాళ్ళు పెరిగినవాడు కావడం వల్లనో ఏమో, మ్యాట్ మీద వాణ్ణి పట్టుకోవడం కష్టం. వాడి కూత వింటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వాడు అప్ప మనవడని బయటివాళ్ళు అనుకునేవారు. కాదు. వాడి తల్లికీ అప్పకీ పడదు. ఎప్పుడో సంతలో తట్ట పెట్టుకునే చోటు దగ్గర జుట్లు పట్టుకున్నారట. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే చెరో పక్కకి తిరిగేవారు.

"ఆవిడ కొడుకు కోసం నువ్వెందుకప్పా ఇంత యాతన పడతావు?" అని అడిగాను.

"దానితో నాకు మాటల్లేవు. ఆడి కూతతో నాకు తగువేటి?"

సింహాచలం గిరి ప్రదక్షిణకి ఏటా నడిచేది. జట్టు గెలవాలని మొక్కావా అంటే కసిరేది. "జట్టుకి మొక్కుకుంటే అవతలి జట్టోడూ మొక్కుకుంటాడు. అప్పన్నసామి దగ్గర కూడా పాట ఎట్టిత్తావేటి?"

పోయిన సీజను నాటికి ఆవిడకి ఆయాసం పట్టుకుంది. గ్రౌండుకి రాలేకపోయింది. నేనే వాళ్ళింటికి వెళ్ళి టీవీ ముందు కూర్చునేవాణ్ణి. అలవాటు పోలేదు. మన కూతగాడు గీత దాటగానే పెదాలు కదిలేవి. నాలుగు మాటలకే గుక్క తెగిపోయేది. తెర మీద వాడి కూత ఇంకా సాగుతూనే ఉండేది. ఆవిడ మొహం వెలిగిపోయేది.

"ఈమజ్జిన మనోల్లు బాగా ఆడతన్నారు తమ్ముడా. అందరి కూతా నాకన్నా పొడుగే."

"అవునప్పా, మంచి జట్టు" అన్నాను.

ఆ ఏడు మేము కింది నుంచి రెండో స్థానంలో ఉన్నాం.

అప్ప పోయిన రోజున రేవంతా వచ్చింది. ఆ కుర్రాడి తల్లి కూడా వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. వీధిలో, కరెంటు స్తంభం దగ్గర నిలబడి, చివరిదాకా ఉండి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఇక ఈ ఏటి సంగతి. మళ్ళీ నిషేధం వచ్చింది, మళ్ళీ టీకొట్టులో టీవీ పెట్టారు. బల్ల చివర చోటు ఖాళీగా వదిలారు, ఎవరూ చెప్పకుండానే. మావాళ్ళ పర్సు సగం ఒక్క కూతగాడి మీద పోయింది. మంచి ఆటగాడే, కాదనను. కానీ వాడి మోకాలికి ఇప్పటికే కట్టుంది. తరవాత మిగిలిన దాంట్లో ఇంకో కూతగాణ్ణి కొన్నారు. రెండు మూలలా పాదం పట్టేవాడు ఒక్కడు లేడు. ఎదుటివాడు వచ్చి ముట్టుకుని పోతుంటే ఈ ఇద్దరు దొరలూ బయట కూర్చుని చూడాలి. సీజను సగం అయ్యేసరికి నేను చెప్పింది నిజమవుతుంది, రాసి పెట్టుకోండి. నా కోపం మాత్రం అందుకు కాదు. ఓడిపోవడం మాకు కొత్త కాదు. ఒడ్డు కుర్రాడి పేరు ఈసారీ ఎవరూ తలవలేదు.

అభిమానుల సభకి ఒక్కణ్ణే వెళ్ళాను. ఖర్చుల మీద, యజమానుల మీద పెద్ద ప్రసంగం మనసులో కట్టుకుని వెళ్ళాను. మైకు చేతికి వచ్చేసరికి ఒక్క వాక్యం గుర్తు రాలేదు. గోదావరి యాసలో పుట్టి పెరిగిన నా నోట్లోంచి, "కూర సేప తీసేరా, బాబూ?" అని వచ్చింది. వెనక వరసల్లో రేవు వాళ్ళు కూర్చున్నారు. ఒక్కరూ నవ్వలేదు.

ఈసారి మేనేజరు కొత్తవాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. వేదిక దిగి నా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పిందంతా నిలబడి విన్నాడు. "ఇది చాలా మంచి పద్ధతి సార్" అన్నాడు. శిక్షణ శిబిరం మొదలయ్యేలోపు, ఈ ఏడు కుదురుతుందా, లేకపోతే వచ్చే ఏడు నుంచైనా మొదలుపెడతారా అన్నది పైవాళ్ళనడిగి తప్పకుండా చెప్తానని నా నంబరు తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో నవ్వకుండా విన్నవాడు అతనొక్కడే. ఆ మాట నేను మా ఒడ్డు కుర్రాడికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

రోజులు గడిచాయి. ఫోను రాలేదు. నిషేధం ఎత్తేసిన రోజు వచ్చింది. హార్బరులో బోట్లకి పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయలు కొడుతున్నారు. ఐసు దంచి పోస్తున్నారు. కుర్రాడు బోటు ముందు భాగంలో నిలబడి ఉన్నాడు. వాడి తల్లి గట్టు మీద అన్నం క్యారేజీతో ఉంది. ఈ బోటు కదిలితే మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తాడో, శిబిరం ఆ వారమే.

"ఏటి తాతా, ఏటైనా సెప్పేరా? దిగిపోమంటే ఇప్పుడే దిగిపోతాను."

అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ఇంజన్ల చప్పుడులో రెండో చెవి మూసుకుని విన్నాను. కుర్రాడు నా మొహం వైపే చూస్తున్నాడు. వాడి తల్లీ చూస్తోంది. మేనేజరు గొంతులో నిజమైన సంతోషం ఉంది. ఆ సంగతి మాత్రం నేను ఒప్పుకుని తీరాలి.

"పెద్దాయనా, నేను మర్చిపోలేదండి. పైవాళ్ళతో మాట్లాడాను, మీ ఆలోచన వాళ్ళకి చాలా నచ్చింది. ఈ ఏటికి జట్టు నిండిపోయింది కదండీ. వచ్చే ఏడు మాత్రం, అందర్నీ కొనేశాక పర్సులో ఏమైనా మిగిలితే, మొదటి ఫోను మీవాడికే చేస్తాం. ఇది నా మాటండి."